కారు చక్రాలకు తాళం వేయించడం: నా అనుభవం

హనుమకొండలో వడ్డేపల్లి చెరువు వైపున్న మా కాలనీలో ఇళ్లన్నింటికీ ప్రహరీలున్నాయి కానీ, కారు లోపల పెట్టుకునే జాగా సగం ఇళ్లకు కూడా లేదు. కట్టినప్పుడు స్కూటరును దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇళ్లు కావడంతో ఇప్పుడు కార్లన్నీ వీధిలోనే, గోడ వారగా, రాత్రంతా నిలబడి ఉంటాయి. కిందటి చలికాలంలో ఒక తెల్లవారుజామున మా ఎదురింటి వారి కారు వీధి వైపున్న రెండు చక్రాలూ లేకుండా సిమెంటు ఇటుకల మీద కనిపించింది. అద్దం పగలలేదు, తలుపు తెరుచుకోలేదు, అలారం మోగలేదు. తలుపులు తెరిచినప్పుడో, బండికి గట్టి కుదుపు తగిలినప్పుడో మాత్రమే మోగే మామూలు అలారానికి, జాకీ మీద నెమ్మదిగా లేచే కారు సంగతి తెలియదు. ఆ కారులో జీపీఎస్ పరికరం కూడా ఉంది గాని, కారు కదిలితే కదా అది కబురు చెప్పేది.

వారి వెంట పోలీసు స్టేషనుకూ, ఆ తర్వాత బీమా పని మీదా తిరిగినందువల్లనే నేను నా కారు విషయంలో ఇంత శ్రద్ధ పెట్టాను. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది కాబట్టి దొంగతనం కేసు ఇప్పుడు 303వ సెక్షన్ కింద నమోదవుతుంది; ఫిర్యాదు ఇచ్చిన వారికి ఎఫ్ఐఆర్ ప్రతిని రుసుము లేకుండా ఇవ్వాలి, బీమాకు ముందుగా కావలసింది అదే. అక్కడి వరకు పెద్ద ఇబ్బంది లేదు. లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాకు కళ్లు తెరుచుకున్నాయి. ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి ఇటువంటి నష్టంలో పైసా కూడా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా టైర్ల మీద తరుగుదల కింద 50 శాతం కోత పడుతుంది. లోహపు భాగాలకు కారు వయసును బట్టి కోత ఉంటుంది, మూడేళ్లు దాటి నాలుగేళ్లు నిండని కారుకు అది 25 శాతం. 1500 సీసీ లోపు కారయితే మరో 1,000 రూపాయలు మన చేతి నుంచి పెట్టుకోవలసిందే. వీటన్నింటికంటే వారిని ఎక్కువగా ఆలోచింపజేసింది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. మూడేళ్లుగా క్లెయిము లేకుండా 35 శాతానికి చేరిన ఆ తగ్గింపు ఈ ఒక్క క్లెయిముతో సున్నా అవుతుంది. కాగితం మీద కూడి, తీసివేసి చూశాక వారు క్లెయిమే వద్దనుకున్నారు. ఆ రోజే నేను చక్రాల తాళాల కోసం వెతకడం మొదలుపెట్టాను.

చక్రానికి వేసే తాళమంటే చాలామందికి పోలీసులు నో పార్కింగు బండ్లకు తగిలించే పసుపుపచ్చని క్లాంపు గుర్తుకు వస్తుంది. అది ఒక చక్రాన్ని మాత్రమే కాపాడుతుంది, పైగా రోజూ తగిలించి తీయడం నడుము నొప్పి ఉన్నవారి వల్ల అయ్యే పని కాదు. లాక్ నట్టు సంగతి వేరు. ప్రతి చక్రానికి ఉన్న నట్లలో ఒక దానిని తీసివేసి, దాని స్థానంలో మామూలు పానాకు అందని నట్టును బిగిస్తారు. దాని తలకు ఆరు పలకలుండవు; గుండ్రంగా ఉండి, పైభాగంలో వంకరటింకరగా ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే చిన్న సాకెట్టు నట్లతో పాటే వస్తుంది, దాన్ని తగిలించి వీల్ పానాతో తిప్పితేనే నట్టు కదులుతుంది. సుత్తితో, గొట్టంతో దాన్ని ఊడదీయగలిగే వారు లేకపోలేదు. అయితే దానికి చప్పుడూ అవుతుంది, సమయమూ పడుతుంది. నడివీధిలో కారు పక్కన కూర్చున్న దొంగకు ఆ రెండూ గిట్టవు.

ఆన్‌లైనులో తెప్పించిన మొదటి సెట్టు పెట్టె మీద "అన్ని కార్లకూ సరిపోతుంది" అని ఉంది. దాన్ని పట్టుకుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన టైర్ల దుకాణానికి వెళ్లాను. అక్కడి మేస్త్రీ నట్టును వేళ్లతోనే బోల్టు మీద తిప్పి చూసి, రెండో చుట్టులోనే ఆపేశాడు. "చుడీలు కలుస్తలేవు సార్, గిది మీ బండిది కాదు. పానా పెట్టి తిప్పితే ఎక్కుతది గని, బోల్టు ఖరాబైతది" అన్నాడు. మాది మారుతి వారి ఏడు సీట్ల కారు. మారుతి సుజుకి కార్లకు సాధారణంగా 12 మిల్లీమీటర్ల బోల్టు, 1.25 పిచ్ (ఒక మర చుట్టుకూ తరువాతి చుట్టుకూ మధ్య మిల్లీమీటర్లలో దూరం) ఉంటుంది. నాకు వచ్చిన నట్లు హ్యుందాయ్, టయోటా, హోండా కార్లలో ఎక్కువగా కనిపించే 1.5 పిచ్‌వి. పైకి చూస్తే రెండింటికీ ఏ తేడా కనిపించదు. పిచ్ ఒక్కటే కాదు, నట్టు రిమ్ములో కూర్చునే అంచు ఆకారం కూడా కలవాలని అతడే చూపించాడు. మా కారు నట్లకు ఆ అంచు శంకువులా ఏటవాలుగా ఉంటుంది; హోండా కార్లకు కంపెనీ ఇచ్చే నట్లకు బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఒక దానికి బదులు మరొకటి వేస్తే గట్టిగా బిగిసినట్టే ఉంటుంది కానీ ఆనవలసిన చోట పూర్తిగా ఆనదు, నడుస్తున్న బండిలో మెల్లగా వదులవుతుంది. స్కోడా, వోక్స్‌వ్యాగన్ కార్లకైతే నట్లే ఉండవు, చక్రాన్ని మోసే హబ్బులోకి దిగే బోల్టులుంటాయి, కాబట్టి వాటికి తాళపు బోల్టులే తీసుకోవాలి. అమ్మేవారు ఈ మూడు వివరాలనూ పెట్టె మీద అచ్చు వేస్తే ఎవరికీ ఈ తిరుగుడు ఉండదు.

కొలతలు కలిసిన సెట్టును 1,200 రూపాయలకు అక్కడి బజారులోనే కొని వేయించాను. పని అయిపోయిందని అనుకుంటుండగా కరీంనగర్ నుంచి మా బావమరిది వచ్చాడు. అతని కారుకు కూడా అదే రకం తాళాలున్నాయని మాటల్లో తెలిసి, సరదాకు అతని సాకెట్టును మా నట్టు మీద పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది, తిప్పితే నట్టు తిరిగింది కూడా. చవక రకాల్లో గాడి ఆకారాలు కొన్నే ఉంటాయి, కొన్నింటిలోనైతే అన్ని పెట్టెల్లోనూ ఒకే ఆకారం. ఆ పెట్టెను కొన్న దొంగ ఊరందరి తాళాలకూ చెవి కొన్నట్టే. అందువల్ల వాటిని తీయించి, సాకెట్టుకు కోడ్ నంబరు, ఆ నంబరు రాసిన కార్డు ఉండే రకాన్ని రెట్టింపు కంటే ఎక్కువ ఖర్చు పెట్టి వేయించాను. సాకెట్టు పోయినా ఆ నంబరు చెప్పి మరొకటి తెప్పించుకోవచ్చు. కార్డును కారులో కాకుండా ఇంట్లో ఆర్‌సీ, పాలసీ కాగితాలున్న ఫైలులో పెట్టాను.

బిగించే పద్ధతి గురించి మేస్త్రీతో కొంచెం వాదించవలసి వచ్చింది. టైర్ల దుకాణాల్లో అందరూ గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్‌తో నాలుగు క్షణాల్లో బిగించి పంపుతారు. లాక్ నట్టుకు గన్ పెడితే గాడి అంచులు అరిగిపోతాయి, లేదా సాకెట్టే పగులుతుంది, అప్పుడు దొంగను ఆపిన నట్టు మనల్నీ ఆపుతుంది. అందుకని మామూలు నట్లన్నింటినీ అతని ఇష్టప్రకారం వేయనిచ్చి, లాక్ నట్టును మాత్రం చివర చేత్తో, బిగువును కొలిచే టార్క్ రెంచితో, కారు పుస్తకంలో ఉన్న కొలతకు బిగించమన్నాను. కొంత దూరం నడిపాక మళ్లీ వెళ్లి బిగింపు సరిచూపించుకున్నాను.

ఇక స్టెప్నీ. డిక్కీ లోపల ఉండే కార్లకు ఈ బాధ లేదు. కారు అడుగున వైరు మీదనో బ్రాకెట్ మీదనో వేలాడే స్టెప్నీకి జాకీ కూడా అక్కరలేదు, పానా తెలిసిన వాడు పడుకుని దించుకుపోతాడు. రిమ్ము రంధ్రంలోంచి, అడుగునున్న ఇనుప కమ్మీ చుట్టూ తిప్పి ప్లాస్టిక్ తొడుగు ఉన్న గొలుసు వేశాను. తాళం కప్ప వానకూ బురదకూ తుప్పు పట్టకుండా పాత ట్యూబు ముక్క చుట్టి కట్టాను. ఆ పని మా వీధిలోనే, పాత దుప్పటి పరుచుకుని పడుకుని చేశాను.

తాళాల కోసం చక్రాలు ఊడదీసి ఉన్నప్పుడే మరో పని చేయించాను. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణాల్లో చెంబుల మీద, గిన్నెల మీద పేర్లు కొట్టే యువకులుంటారు కదా, వారిలో ఒకరిని ఒప్పించి మిషన్‌తో సహా టైర్ల దుకాణానికి తీసుకువెళ్లాను. గృహప్రవేశాల కానుకలు తప్ప వేరే పని ఎరగని ఆ అబ్బాయి, అల్లాయ్ రిమ్ము లోపలి వైపు దుమ్మును తడిగుడ్డతో తుడిచి, సూదిని చాలా పైపైన ఆనించి, ప్రతి దాని మీద కారు నంబరు చెక్కాడు. చివర అలవాటుగా ఒక పువ్వు కూడా వేయబోతే ఆపాను. అలాగే ప్రతి టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తరువాత ఉండే తయారీ నంబరును ఫోటో తీసుకున్నాను. దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. రేపు ఎక్కడైనా దొరికితే ఇది నాదేనని చూపించడానికి ఇంతకంటే ఆధారం లేదు.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష మేడారం దారిలో జరిగింది. పస్రా దాటక ముందే వెనుక చక్రానికి మేకు దిగింది. రోడ్డు పక్క పంక్చరు దుకాణం పెద్దాయన నాలుగు నట్లు తీసి, ఐదో దాని మీద పానా జారిపోగా తలెత్తి నన్ను చూశాడు. సాకెట్టు ఇచ్చాక, ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. తన దగ్గరికి వచ్చే వారిలో కొందరు సాకెట్టును ఇంట్లో మరిచి వచ్చి మూడు గంటలు కూర్చుంటారట. నేను దాన్ని కారులోనే ఉంచుతాను కానీ, జాకీతోపాటు పెట్టను. జాకీ దగ్గర వెతకడం అందరికీ తెలుసు. అది ఎక్కడుందో ఇంట్లో కారు నడిపే మరో ఇద్దరికి చూపించాను.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఇప్పుడు సాకెట్టును అడ్వైజర్ చేతికే ఇచ్చి, జాబ్ కార్డు మీద రెండు వాక్యాలు రాయిస్తాను: లాక్ నట్లకు గన్ వాడరాదు, సాకెట్టు తిరిగి ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి.