ఫాదర్ బేసిల్ ఉన్న చోటికి అత్తయ్యతో

ఇంగ్లండ్ క్యాథలిక్కులకి పెద్దగా ఉన్న కార్డినల్ బేసిల్ హ్యూమ్ సమాధి లండన్‌లో ఉంది. వెస్ట్‌మిన్‌స్టర్ ప్రధాన దేవాలయానికి వెళ్లిన మనవాళ్లు చాలామంది దాని ముందు నిలబడే ఉంటారు. నాకు మాత్రం ఆయన కార్డినల్ ఎర్ర టోపీ పెట్టకముందు బతికిన చోటు చూడాలని కోరిక. అది నార్త్ యార్క్‌షైర్‌లోని యాంపిల్‌ఫోర్త్ మఠం. ఫిరంగిపురం నుంచి అత్తయ్య వచ్చారు కదా, ఇదే సందు అనుకుని లీడ్స్ నుంచి కారులో బయల్దేరాం.

దారిలో కొండవాలు మీద పెద్ద తెల్లగుర్రం బొమ్మ కనిపించింది. 1857లో కిల్‌బర్న్ బడిపంతులు తన పిల్లల్ని, ఊరివాళ్లని కలుపుకుని చెక్కిన బొమ్మ అది. అత్తయ్య రిటైర్డ్ టీచరు కాబట్టి కారు ఆపించి మరీ చూశారు. తర్వాత అసలు ప్రశ్న వేశారు.

"ఆయన సన్యాసి అన్నావు. మళ్లీ బడిలో మాస్టరన్నావు, విచారణలో గురువన్నావు. మఠంలో చేరినాయన ప్రార్థన చేసుకోక ఇవన్నీ ఏంటమ్మా?"

సరైన ప్రశ్నే. (విచారణ అంటే ఒక గురువు చూసుకునే క్రైస్తవ సంఘం, పారిష్.) యాంపిల్‌ఫోర్త్‌వాళ్లు బెనెడిక్టిన్లు, అంటే పునీత బెనెడిక్ట్ నియమం ప్రకారం బతికే సన్యాసులు. వాళ్ల మాటపట్టుల్లో, అంటే ప్రమాణాల్లో ఒకటి, చేరిన మఠాన్ని చివరిదాకా విడిచిపెట్టకపోవడం. అలాంటివాళ్లు ఊళ్లు పట్టుకుని విచారణ ఎలా చూస్తారు?

జవాబు బైలాండ్‌లో దొరికింది. యాంపిల్‌ఫోర్త్‌కి కాస్త ముందే వచ్చే శిథిలాలయం అది. కట్టింది సిస్టర్షియన్లు, అంటే బెనెడిక్ట్ నియమాన్నే ఇంకా కఠినంగా పాటించేవాళ్లు. గుండ్రటి కిటికీలో సగం మాత్రమే గాలిలో నిలిచి ఉంది. గడ్డి మధ్య పసుపు, ఆకుపచ్చ పింగాణీ పలకలు ముగ్గు వేసినట్టు పరుచుకుని ఉన్నాయి. కొన్నిటి మీద మెరుపు ఇంకా పోలేదు. అత్తయ్య వంగి ఒకదాని మీద చెయ్యి పెట్టి, "ఎవరు కూలగొట్టారు?" అన్నారు. రాజే. ఎనిమిదో హెన్రీ దేశంలో మఠాలన్నీ మూయించాడు. దీని వంతు 1538లో వచ్చింది.

ఆ తర్వాత ఇంగ్లండ్‌లో సన్యాసిగా బతికే దారే లేకుండా పోయింది. కుర్రాళ్లు సముద్రం దాటి ఫ్రాన్స్ వైపు మఠాలు పెట్టుకున్నారు. అందులో లొరేన్‌లోని డియెలువార్ ఒకటి. అక్కడ గురువులై, దొంగచాటుగా తిరిగొచ్చి, ఇళ్లలో దాక్కుంటూ పూజలు చేశారు. క్యాథలిక్ గురువుగా దొరికితే ఉరే. డియెలువార్ సన్యాసి అల్బన్ రో 1642 జనవరిలో లండన్ టైబర్న్‌లో అలాగే ప్రాణం విడిచాడు. ఇంగ్లండ్ బెనెడిక్టిన్లకి విచారణలు అలా అంటుకున్నాయి. ఫ్రెంచి విప్లవం డియెలువార్ నుంచి కూడా వెళ్లగొట్టాక, తిరిగొచ్చి 1802లో యాంపిల్‌ఫోర్త్‌లో స్థిరపడ్డారు. మఠంతోపాటు బడీ పెరిగింది.

"అయితే సరే" అన్నారు అత్తయ్య, కాపీ దిద్దినట్టు.

మఠం లోయ అంచున ఉంది. కింద ఆటమైదానాలు. గుడి గైల్స్ గిల్బర్ట్ స్కాట్ గీసినది. ఇంగ్లండ్ వీధుల్లోని ఎర్ర టెలిఫోన్ బూతు కూడా ఆయనదే. రెండిట్లో బూతే అందంగా ఉంటుందని నా అభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోకండి. లోపలి ఓక్ చెక్కపని మాత్రం కళ్లు తిప్పుకోనివ్వదు. కిల్‌బర్న్ వడ్రంగి రాబర్ట్ థాంప్సన్ తన పని మీద సంతకంగా చిన్న ఎలకని చెక్కేవాడు. అత్తయ్య కొంగు తలమీద కప్పుకుని, జపమాల చేతిలో ఉండగానే ఎలకల్ని వెతికారు. ఒకటి దొరికింది. తోక పొడుగ్గా కిందికి జారింది, ఉలి గంట్లు వేలికి తగులుతున్నాయి.

హ్యూమ్ పుట్టింది 1923లో, న్యూకాజిల్‌లో. తండ్రి ప్రొటెస్టెంటు, పేరున్న డాక్టరు. తల్లి ఫ్రెంచి క్యాథలిక్కు. పదమూడేళ్లకి ఈ బడికి వచ్చి, 1941లో మఠంలో చేరాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్‌లో వేదాంతం చదివాడు. 1950లో గురుపట్టం అందుకున్నాక ఊళ్లోని విచారణలో సహాయ గురువు, బడిలో భాషల మాస్టరు, రగ్బీ కోచ్. 1955 నుంచి సెయింట్ బీడ్స్ అనే హాస్టల్‌కి పెద్ద. అంటే తెల్లారి కీర్తనలు, తర్వాత క్రియాపదాలు, మధ్యాహ్నం బురద, రాత్రి ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లల్ని ఊరుకోబెట్టడం. 1963లో మఠాధిపతి అయ్యాడు. 1976లో వెస్ట్‌మిన్‌స్టర్ అగ్రపీఠాధిపతిగా వెళ్లమని రోమ్ నుంచి పిలుపొచ్చింది. విడిచిపెట్టనన్న చోటిని విధేయత మాట కోసమే విడిచిపెట్టాడు. అగ్రపీఠాధిపతిగా ప్రతిష్ఠించిన సాయంత్రమే యాంపిల్‌ఫోర్త్ సన్యాసులు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో (ఇది ఆయన సమాధి ఉన్న గుడి కాదు, వేరే) సాయంకాల ప్రార్థన పాడారు. హెన్రీ మూయించిన మఠాల్లో అదీ ఒకటి.

ఇంకో మాట చెప్పకుండా ఈ చోటు గురించి రాయడం న్యాయం కాదు. ఇక్కడ బడిపిల్లల మీద జరిగిన లైంగిక అత్యాచారాల గురించి ప్రభుత్వం వేసిన స్వతంత్ర దర్యాప్తు సంఘం 2018 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. పిల్లల క్షేమం కంటే మఠం పరువుకే విలువిచ్చారన్నది దాని సారం. హ్యూమ్ మఠాధిపతిగా ఉన్న కాలం కూడా అందులో ఉంది. కారులో ఇది చెప్పినప్పుడు అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. "హాస్టల్ పిల్లలు ఎవరితో చెప్పుకుంటారమ్మా?" అని మాత్రం అన్నారు. ఆయన్ని పునీతుడని పిలవడానికి నాకు నోరు రాదు. కానీ గిల్డ్‌ఫర్డ్ బాంబు పేలుళ్ల కేసులో అన్యాయంగా జైలుపాలైనవాళ్ల కోసం ఏళ్ల తరబడి మంత్రుల వెంటపడింది కూడా ఆ మనిషే.

సాయంత్రం గంట కొట్టారు. నల్ల అంగీల్లో సన్యాసులు వచ్చి ఎదురెదురు వరసల్లో నిలబడ్డారు. ఖాళీ పీటలే ఎక్కువ. కీర్తనలో ఒక చరణం ఇటువాళ్లు, ఒక చరణం అటువాళ్లు. ప్రతి చరణం సగంలో ఆగుతారు, ఊపిరి తీసుకునేంతసేపు. హార్మోనియం, డోలక్‌తో ఊపుగా పాడే ఫిరంగిపురం ఆడవాళ్లకి అంత ఆగడం ఎక్కడ? అత్తయ్య మొదట్లో అలవాటుగా ముందుకెళ్లిపోయి, తర్వాత వాళ్ల లయ పట్టుకున్నారు.

బయటికొచ్చాక, లండన్‌లో హ్యూమ్ సమాధి ఉన్న గుడిలోనే కార్డినల్ వాన్ సమాధి కూడా ఉందని చెప్పాను. ఆ గుడి కట్టడం మొదలుపెట్టింది ఆయనే. అంతకుముందు 1866లో విదేశాలకి గురువుల్ని పంపే మిల్‌హిల్ సభని స్థాపించిందీ ఆయనే. ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం కట్టించిన ఫాదర్ డిక్‌మన్ ఆ మిల్‌హిల్ ఫాదరే.

"ఈ మాట ముందు చెప్పవేం?" అన్నారు అత్తయ్య. "నా ఫ్లైట్ లండన్ నుంచే కదా. ఒకరోజు ముందు బయల్దేరదాం, మీ ఆయనకి నేను చెప్తాలే."