క్రాంక్ సెన్సర్ పని: గ్యాప్ ఇప్పటికి దొరికింది

సొంతంగా ఇంజిన్ కంట్రోల్ బోర్డు చేసుకుంటున్నాను కదా, ఈ వారమంతా క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ ఏ కోణంలో ఉందో పసిగట్టేది) దగ్గరే సరిపోయింది. బెంచ్ మీద డీసీ మోటారుకు 60-2 పళ్ల చక్రం బిగించాను. అరవై పళ్లు పట్టే చోట రెండు తీసేస్తే మిగిలేవి 58. ఆ ఖాళీని బట్టే క్రాంక్ ఎక్కడుందో బోర్డుకు తెలుస్తుంది. పన్నుకు 6 డిగ్రీలు కాబట్టి, సెకనుకు ఎన్ని పళ్ల వేగమో అదే నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే ఆర్‌పీఎం. ఈ లెక్క నాకు భలే నచ్చింది.

సెన్సర్ రెండు వైర్ల వీఆర్ (వేరియబుల్ రిలక్టెన్స్) రకం. అయస్కాంతం, దాని చుట్టూ కాయిల్, అంతే; ఎదురుగా పన్ను దాటినప్పుడల్లా కాయిల్లో వోల్టేజీ వేవ్ పుడుతుంది. వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది: 1 మి.మీ. ఎడంతో 200 ఆర్‌పీఎం దగ్గర 0.8 వోల్టులు, 2000 దగ్గర 8 దాకా వచ్చింది. అందుకే మధ్యలో ఆ వేవ్‌ను బోర్డు చదవగల పల్సులుగా మార్చే మాక్స్9926 చిప్ పెట్టాను.

ఒక విరామం (పల్సుకూ పల్సుకూ మధ్య సమయం) దాని ముందుదానికి 2.5 రెట్లు దాటితే అదే గ్యాప్ అని కోడ్ రాశాను. నిజానికి 3 రెట్లు రావాలి. ఎంతకీ సింక్ కాలేదు, అంటే బోర్డుకు గ్యాప్ దొరకలేదు. నాయిస్ అనుకుని షీల్డ్ కేబుల్ మార్చాను, ఎడం 0.7కు తగ్గించాను. రెండు సాయంత్రాలు పోయాయి, ఫలితం లేదు.

చివరికి 600 ఆర్‌పీఎం దగ్గర విరామాలను మైక్రోసెకన్లలో ప్రింట్ చేసి చూశాను: 1664, 1671, 3290, 3352, 1668. ఐదు వేలు ఒక్కటి రావాల్సిన చోట రెట్టింపువి రెండు! సెన్సర్ వైర్లు తిరగబడ్డాయన్నమాట. సరిగ్గా కలిపితే చిప్ పన్ను నడిమధ్యన వోల్టేజీ సున్నా దాటడాన్ని పట్టుకుంటుంది, అక్కడ వేవ్ నిటారుగా దిగుతుంది. తిరగేస్తే పళ్ల మధ్య సందును పట్టుకుంటుంది. వెడల్పాటి ఖాళీలో వేవ్ సున్నా దగ్గరే చదునుగా పడి ఉంటుంది కాబట్టి, దాటే చోటు నిలకడగా ఉండదు.

వైర్లు మార్చగానే 1666, 4997, 1669. ప్రాణం లేచొచ్చింది. ఒకటి మాత్రం భయపెట్టింది. పరిమితి 1.5 రెట్లని రాసి ఉంటే తిరగబడ్డ వైర్లతోనే సింక్ అయ్యేది. ఆ తప్పు ఇంజిన్ మీదికెక్కి, వేగంతో పాటు ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) జరిగిపోయేది. అందుకే 2.5ను కదపను.

ఇప్పుడు 150 నుంచి 5000 దాకా సింక్ తప్పడం లేదు. స్టార్టర్ తిప్పేటప్పుడు కంప్రెషన్ దగ్గర వేగం పడిపోతుంది. మోటారును అలా కుదుపులతో తిప్పి, మామూలు విరామం ఎంత సాగుతుందో ఇక కొలవాలి.