లెక్కల మాస్టారి సోమవారాలు

మన పూర్వ విద్యార్థుల సావనీర్‌కి ఏదో ఒకటి రాయమని మన క్లాసు లీడర్ దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. బడి గురించి అనుకోగానే నాకు లెక్కల మాస్టారు తప్ప ఇంకెవరూ ముందుకు రావడం లేదు. ఆరు, ఏడు తరగతులైతే ఎటు పోయాయో కూడా తెలియదు. కాబట్టి ఇది ఆయన గురించే, మిగతా టీచర్లు మన్నించాలి.

మన విజయవాడ కృష్ణలంక పిల్లలం ఎలాంటి ఇళ్లనుంచి వచ్చేవాళ్లమో 2004 బ్యాచ్‌కి నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి అమ్మలు లబ్బీపేటలో అంట్లు తోమడానికి, నాన్నలు కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోయడానికి. ప్రైమరీలో 80 శాతం హాజరుంటే నెలకి 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు కదా, ఆ బియ్యం కోసమే పిల్లల్ని బడికి పంపిన ఇళ్లున్నాయి. మాదీ అలాంటి ఇల్లే, చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఎనిమిదికి వచ్చేసరికి టీచర్లు చాలక ఏ, బీ సెక్షన్లు కలిపేశారు. ఒక్క గదిలో తొంభై మందికి పైనే. బెంచీకి ఐదుగురం, మిగిలినవాళ్లు నేల మీద, అక్కడా చోటు లేనివాళ్లు వరండాలో. కిటికీ బ్యాచ్, మీరే! వెనక కూర్చున్నవాడికి బోర్డు కనపడదు, కనపడక అర్థం కాదు, అర్థంకాక నాలుగు రోజులు మానేస్తాడు, ఆ తర్వాత చూస్తే ఆటోనగర్లో ఏదో షెడ్డులో స్పానర్లు అందిస్తుంటాడు. మనవాళ్లలో ఎవరికైనా బుర్ర లేక చదువు ఆగిపోయిందంటే నేనొప్పుకోను. చోటు లేక ఆగిపోయింది.

మాస్టారు వచ్చిన మొదటి సోమవారమే వెనక వరసల్ని ముందుకి, ముందు వరసల్ని వరండాలోకి పంపేశారు. ఇక ప్రతి సోమవారం అంతే, ఎవరి చోటూ వారం దాటి ఉండదు. రోజుకి పదిమంది, రోల్ నంబరు ప్రకారం బోర్డు దగ్గరికి. "ఇవాళ మీ పదిమందీ నావాళ్లు" అనేవారు. లెక్క వచ్చినా రాకపోయినా సుద్దముక్క పట్టుకోవాల్సిందే. పేపర్లు దిద్దితే తప్పు లెక్కని అడ్డంగా కొట్టేసేవారు కాదు, ఎక్కడ తప్పామో సరిగ్గా ఆ మెట్టు పక్కన ఎర్ర చుక్క పెట్టేవారు. అంటే దాని పైనదంతా కరెక్టే. పరీక్ష పరీక్షకీ నా పేపర్లో ఆ చుక్క కిందికి దిగుతుంటే ఇంటికి పరిగెత్తుకెళ్లి అమ్మకి చూపించేదాన్ని, ఆవిడకి చదువు రాకపోయినా.

మనం బుల్లెట్టు అని పిలిచే మన క్లాసువాడు చదువు మానేసి లారీ షెడ్డులో చేరినప్పుడు ఆయన సైకిలేసుకుని ఆటోనగర్ వెళ్లారు. ఓనరు కుదరదంటే షెడ్డు బయట స్టూలు వేసుకుని చీకటి పడేదాకా కూర్చున్నారట. మర్నాడు వాడు బడిలో ఉన్నాడు. ఇప్పుడు వాడికి సొంత షెడ్డు ఉంది, గోడ మీద టెన్త్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు, అటు వెళ్తే చూడండి.

నేను గుంటూరు పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. అర లీటరు సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్టు, నిమిషానికి ఎన్ని చుక్కలు? జూనియర్లు ఫోన్ తీసేలోపు 42 అని నోటితోనే చెబుతాను. నా మొదటి జీతంతో మా అమ్మ చేత అంట్ల పని మాన్పించాను.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అందులో ఐదో తరగతి దాకా 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలని రాశారు. ఆ లెక్కన మన గదికి ముగ్గురు కావాలి, ఉన్నది ఆయనొక్కరే.

కమిటీ వాళ్లు గేటుకి ఆర్చి కట్టిద్దామంటున్నారు. నా మాట వేరు. ఆ డబ్బుతో సాయంత్రాలు టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషిని పెడదాం. ఒక్క గది ఇంట్లో టీవీ పక్కన కూర్చుని చదివే పిల్లలు మన పేటలో ఇంకా ఉన్నారు. నా వాటా ఈ నెలలోనే పంపిస్తాను, బుల్లెట్టు కూడా సరేనన్నాడు. మిగతావాళ్లు మీటింగులో చెప్పండి.