షేర్డ్ మెమరీతో ఫ్రేముల క్యూ: మూడో వారం

వీడియో ఫ్రేములను ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) నుంచి ఇంకో ప్రాసెస్‌కి ఇన్నాళ్లూ పైప్‌లోనే పంపాను. పైప్ అంటే ఒకటి రాస్తే ఇంకోటి చదువుకునే దారి. లైనక్స్‌లో పైప్ మామూలుగా పట్టేది 65,536 బైట్లు. నా 1920x1080 ఫ్రేము, పిక్సెల్‌కి 3 బైట్ల చొప్పున, 62,20,800 బైట్లు. అంటే ఒక్క ఫ్రేముకే దాదాపు 95 పైపులంత డేటా. పైగా ప్రతి బైటూ కెర్నల్లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఒకసారి, బయటికి ఒకసారి కాపీ అవుతుంది. అందుకే రెండు ప్రాసెస్‌లూ నేరుగా వాడుకునే షేర్డ్ మెమరీకి మారాను.

మొదటి రన్‌లోనే సిగ్‌బస్, అంటే వెనక మెమరీ లేని చోటుని తాకితే వచ్చే సిగ్నల్. షేర్డ్ మెమరీని ప్రాసెస్ అడ్రసుల్లోకి తెచ్చే ఎంమ్యాప్ సజావుగానే అయింది, మొదటి బైటు రాయగానే ప్రాసెస్ పోయింది. కొత్తగా తెరిచిన షేర్డ్ మెమరీ సైజు సున్నా. ఎఫ్‌ట్రంకేట్‌తో సైజు ఇవ్వడం మర్చిపోయాను.

తర్వాతి తప్పుకి రెండు సాయంత్రాలు పట్టింది. మెమరీ మొదట్లో వివరాలు ఉండే హెడర్‌లో స్లాట్ (ఒక ఫ్రేము పట్టే గడి) పాయింటర్, అంటే దాని అడ్రస్ దాచాను. రాసే ప్రాసెస్‌లో అంతా బాగుంది, చదివేది మాత్రం క్రాష్. రెండింటిలోనూ బేస్ అడ్రస్ (షేర్డ్ మెమరీ మొదలయ్యే చోటు) ప్రింట్ చేసి చూస్తే వేర్వేరుగా ఉన్నాయి. మెమరీ ఒకటే, దాన్ని చేరే అడ్రస్ మాత్రం ఎవరిది వాళ్లదే. ఇప్పుడు పాయింటర్లన్నీ తీసేసి బేస్ నుంచి దూరం మాత్రమే పెట్టాను. మొదటి 4096 బైట్లు హెడర్. ఫ్రేముకి 4096 బైట్ల పేజీలు 1519, అంటే 62,21,824 బైట్లు. స్లాట్లు నాలుగు. మూడో స్లాట్ కావాలంటే 4096కి రెండు స్లాట్ల సైజు కలిపితే చాలు. ఈ లెక్క నాకు భలే నచ్చింది.

ఈ వారం ఎక్కువ సమయం తిన్నది మాత్రం లాకే. మ్యూటెక్స్‌ని (ఒకసారికి ఒక్కరికే దొరికే లాక్) హెడర్‌లోనే పెట్టి, రెండు ప్రాసెస్‌లూ వాడుకునేలా ప్రాసెస్ షేర్డ్ అని సెట్ చేశాను. లాక్ పట్టుకుని ఉండగా రాసే ప్రాసెస్‌ని కిల్ మైనస్ 9తో చంపి చూస్తే, చదివేది అలాగే ఆగిపోయింది. లాక్ వదిలేవాళ్లే లేరు కదా! రోబస్ట్ అని కూడా సెట్ చేశాక, లాక్ అడిగినప్పుడు ‘ఓనర్ డెడ్’ అనే ఎర్రర్ వస్తోంది, లాక్ మాత్రం మన చేతికి వస్తుంది. అప్పుడు సగం రాసిన స్లాట్‌ని ఖాళీ అని మార్చి, మ్యూటెక్స్ కన్సిస్టెంట్ (మళ్లీ సరిగ్గా ఉంది) అని చెప్పాకే వదలాలి. ఆ మాట చెప్పకుండా వదిలితే ఆ మ్యూటెక్స్ ఇక ఎవరికీ పనికిరాదు. సగం రాసిన స్లాట్ ఏదో తెలియాలి కాబట్టి ప్రతి స్లాట్‌కీ స్థితి పెట్టాను: ఖాళీ, రాస్తున్నాం, నిండింది.

ఇంకోటి. ప్రాసెస్‌లు రెండూ ఆగిపోయినా ఆ మెమరీ పోదు, అన్‌లింక్ చేసేదాకా, అంటే పేరు తీసేసేదాకా, ‘/డెవ్/ఎస్‌హెచ్‌ఎం’లో ఫైలులా కనిపిస్తూనే ఉంటుంది. నిన్న హెడర్ మార్చి రన్ చేస్తే పాత లేఅవుటే తెరుచుకుంది. ఇప్పుడు మొదటి 4 బైట్లలో వెర్షన్ నంబర్ ఉంది. తేడా ఉంటే తెరవకుండా ఆగిపోతుంది.

చదివే ప్రాసెస్ ఇంకా మిల్లీసెకనుకోసారి లేచి చూస్తోంది. వచ్చే వారం ఫ్యూటెక్స్ (ఎవరైనా లేపేదాకా ప్రాసెస్‌ని నిద్రపుచ్చే లైనక్స్ సదుపాయం) పెట్టి, ఫ్రేము వచ్చినప్పుడే లేపాలి.