తొమ్మిది కిలోల రాగి కడ్డీ: ఎక్స్‌ప్లిసిట్ డైనమిక్స్ నేర్చుకున్న నా అనుభవం

వస్తువులు వేగంగా ఢీకొన్నప్పుడు ఏమవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతే ఎక్స్‌ప్లిసిట్ డైనమిక్స్. నిన్న రాత్రి అలాంటి నా లెక్కలోని రాగి కడ్డీ రావలసిన పొడవుకు వచ్చింది. ఆ సంతోషం తగ్గకముందే ఇది రాసేస్తున్నాను. ఈ దారిలోకి దిగబోయే మెకానికల్ విద్యార్థులు చాలామంది ఉన్నారు, వాళ్లకైనా పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంపాదించడం పెద్ద పని కాదు. విద్యార్థులకు ఉచిత వెర్షన్లు ఉన్నాయి. మోడల్ పరిమాణానికి హద్దు ఉంటుంది కానీ నేర్చుకోవడానికి అది చాలు. మెషింగ్, అంటే వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టడం, బీటెక్‌లోనే వచ్చు.

సిద్ధాంతం మాత్రం నిదానంగా చదవాలి. కదలని బరువులకు చేసే స్టాటిక్ అనాలిసిస్‌లో పెద్ద సమీకరణాల గుంపును ఒకేసారి సాధిస్తాం. లెక్క కుదరకపోతే సాఫ్ట్‌వేర్ ఆ మాట చెప్పి ఆగిపోతుంది. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో అలా కాదు. ప్రతి నోడ్ (ఎలిమెంట్లు కలిసే బిందువు) దగ్గర బలాన్ని ద్రవ్యరాశితో భాగించి త్వరణం తెలుసుకుని, కాలంలో ఒక చిన్న అడుగు ముందుకు వేస్తాం. అతి చిన్న ఎలిమెంట్‌ను శబ్ద తరంగం దాటే సమయం కన్నా ఆ అడుగు చిన్నదిగా ఉండాలి. ఉక్కులో శబ్దవేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు, కాబట్టి 5 మిల్లీమీటర్ల ఎలిమెంట్‌కు అడుగు ఒక మైక్రోసెకను (సెకనులో పది లక్షలవ వంతు). సెకనులో పదో వంతు సాగే కారు ప్రమాదానికి లక్ష అడుగులు! మనం తప్పుడు విలువలు ఇచ్చినా ఈ పద్ధతి చాలాసార్లు కిమ్మనకుండా చివరిదాకా నడిచి అందమైన రంగుల బొమ్మ చూపిస్తుంది. ఇది మొదటిరోజే చెప్పాల్సిన మాట. నాకు ఎవరూ చెప్పలేదు.

నేను అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థలో చేరాను. పేరు రాయను. దాచుకున్న డబ్బంతా ఫీజుకే పోయింది. అక్కడ ఇచ్చిన అభ్యాసం టేలర్ పరీక్ష. జి.ఐ. టేలర్ 1948లో ప్రచురించిన ఈ పరీక్షలో లోహపు కడ్డీని గట్టి గోడకు కొట్టి, అది ఎంత కుదించుకుపోయిందో చూసి లోహం బలాన్ని అంచనా కడతారు. ఈ రంగంలో అందరూ చేసే లెక్క ఒకటుంది: 32.4 మిల్లీమీటర్ల పొడవు, 3.2 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న రాగి కడ్డీ, వేగం సెకనుకు 227 మీటర్లు. 80 మైక్రోసెకన్లకు దాని పొడవు సుమారు 21.5 మిల్లీమీటర్లకు తగ్గాలి.

సంస్థ ఇచ్చిన ఫైలును నడిపితే కడ్డీ గోడకు తగిలి పలచగా పరుచుకుపోయింది. ఆ వెంటనే ఎలిమెంట్ ఘనపరిమాణం రుణాత్మకమైందంటూ లెక్క ఆగిపోయింది. పక్కవాళ్లకూ అదే వచ్చింది. అడిగింది మాత్రం నేనొక్కడినే.

“నీ లాప్‌టాప్‌కు ర్యామ్ చాలదు” అన్నారు సార్. ర్యామ్ చాలకపోతే కడ్డీ ఎందుకు కరుగుతుంది సార్ అని అడిగాను. “బేసిక్స్ లేకుండా క్రాష్ అనాలిసిస్‌కు ఎందుకు వచ్చావయ్యా?” అన్నారు. బ్యాచ్ అంతా తిరిగి చూసింది. ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. తెలియనిది తెలియదని ఒప్పుకోవడానికి ఆయనకు ఏమడ్డం? అడిగినవాడిని చిన్నబుచ్చే మనిషి పాఠం చెప్పే కుర్చీలో కూర్చోకూడదు.

ముందు మెష్ సన్నం చేశాను, అంటే ముక్కలు ఇంకా చిన్నవి చేశాను. సమయం పెరిగింది తప్ప ఫలితం మారలేదు. అవర్‌గ్లాస్ కంట్రోల్ (ఎలిమెంట్లు లేనిపోని వంకర్లు పోకుండా ఆపే ఏర్పాటు) మార్చినా అంతే. చివరికి బొమ్మలు పక్కన పెట్టి, సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రామ్) రాసే అవుట్‌పుట్ ఫైలును పైనుంచి వరుసగా చదివాను. అందులో మొత్తం ద్రవ్యరాశి 0.0093 అని ఉంది. ఫైలులో కొలతలు మిల్లీమీటరు, సెకను, టన్ను. అంటే తొమ్మిది కిలోలకు పైనే! చిటికెన వేలి కన్నా సన్నని కడ్డీ తొమ్మిది కిలోలా? కాగితం మీద వేసి చూశాను. ఘనపరిమాణం 1,042 ఘన మిల్లీమీటర్లు, రాగి సాంద్రత ఘనపు మీటరుకు 8,930 కిలోలు, బరువు 9.3 గ్రాములు. సంస్థ ఫైలులో సాంద్రతను కిలోల్లో రాశారు, మిగతావన్నీ టన్నుల పద్ధతిలో ఉన్నాయి. వెయ్యి రెట్ల తేడా. గతిశక్తి 240 జౌళ్లు ఉండాల్సిన చోట 240 కిలోజౌళ్లు అయితే ఏ కడ్డీ నిలుస్తుంది?

మూడు సున్నాలు సరిచేసి మళ్లీ నడిపాను. నా 0.4 మిల్లీమీటర్ల ఎలిమెంట్లకు మొదటి అడుగు 0.08 మైక్రోసెకను దగ్గర వచ్చింది. చేత్తో వేసిన లెక్కా అంతే. గతిశక్తి తగ్గుతున్న కొద్దీ అంతర్గత శక్తి (కడ్డీ రూపం మారడంలో ఇమిడే శక్తి) పెరిగింది, మొత్తం నిలకడగా ఉంది. అవర్‌గ్లాస్ శక్తి అంతర్గత శక్తిలో పది శాతానికి చాలా లోపే ఉంది. పొడవు 21.5. ఆ బ్యాచ్‌లో ఈ అంకెను మొదట రాబట్టింది నేనే, గర్వంగానే చెబుతున్నాను.

ఈ ఉదయం సార్‌కు చూపించాను. ఫైలు తీసుకున్నారు, ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నానికి అందరికీ కొత్త ఫైలు వచ్చింది, సాంద్రత సరిచేసి ఉంది.

డబ్బు కట్టకుండా నేర్చుకోవాలంటే ఇలాంటి లెక్కలు చేసే ఓపెన్‌రేడియాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, 2022లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. సంస్థలోనే చేరతామంటే ఫీజు కట్టే ముందు ఈ కడ్డీ లెక్కను మీ ఎదుటే నడపమనండి. కడ్డీ బరువు ఎంతో అడగండి. జవాబు గ్రాముల్లో రాకపోతే లేచి వచ్చేయండి.