మాత్ర పక్కన ‘భ’ అక్షరం

తలనొప్పికి చూపించుకుందామని వెళ్తే, న్యూరాలజిస్ట్ సైకియాట్రిస్ట్‌ను కూడా కలవమన్నారు. నా నొప్పి ఉత్తదంటున్నారేమోనని మనసు చివుక్కుమంది. చాలామంది వైద్యం మానేసేది ఇక్కడే, అందుకే ముందుగా చెప్తున్నాను. ఆ మాటకు అర్థం అది కాదు. మైగ్రేన్ (పార్శ్వపు తలనొప్పి) ఉన్నవాళ్లలో కుంగుబాటు మిగతావాళ్లకంటే సుమారు రెండింతలు ఎక్కువ. ఆందోళన కూడా ఎక్కువే. కుంగుబాటు ఉన్నవాళ్లకు మైగ్రేన్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. నొప్పిని అదుపు చేయడంలోనూ, మనసును నిలకడగా ఉంచడంలోనూ సెరటోనిన్ లాంటి రసాయనాలకు పాత్ర ఉంది.

నాకు దారి చూపింది డైరీ. గోడ క్యాలెండర్ గడిలో రోజూ నాలుగు సంగతులు రాశాను: నొప్పి పదికి ఎంత, ఎన్ని గంటలు, ఏ మాత్ర ఎన్ని, రాత్రి నిద్ర ఎంత. నొప్పి మొదలవకుండానే, వస్తుందేమోనన్న భయంతో వేసుకున్న మాత్ర పక్కన ‘భ’ అని రాశాను. పెళ్లికి బయల్దేరే ముందు, బస్సెక్కే ముందు, మీటింగ్‌కు ముందు వేసుకున్నవన్నీ ‘భ’లే. నెలాఖరుకు లెక్క చూస్తే నొప్పి 21 రోజులు, మాత్రలు 17 రోజులు, అందులో ‘భ’లు 6.

నెలకు 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉన్నవాళ్లు మాత్రల లెక్క తప్పక చూసుకోవాలి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, కెఫీన్ కలిపిన నొప్పి మాత్రలైతే 10 రోజులే, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రే తలనొప్పిని పెంచే ప్రమాదం ఉంది. షాపులో అడగ్గానే ఇచ్చే మాత్ర అట్ట వెనక కూర్పు చదవండి, కెఫీన్ ఉందేమో తెలుస్తుంది.

అలాంటి మాత్రలు మానేటప్పుడు మొదటి 2 నుంచి 10 రోజులు గడ్డుకాలం. నొప్పి ముదురుతుంది, వాంతులు, నిద్రలేమి, గుండెదడ తోడవుతాయి. ఆందోళన ఉన్నవాళ్లు మళ్లీ మాత్ర అందుకునేది ఇప్పుడే. ఇంట్లో శుభకార్యం, ఆఫీసులో పని ఒత్తిడి లేని వారం చూసుకోండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. ట్రామడాల్ లాంటి బలమైన నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కాఫీ కూడా అంతే, రోజుకు అరకప్పు చొప్పున.

నొప్పి రాకుండా రోజూ వేసుకోమని నాకిచ్చిన నివారణ మందు అమిట్రిప్టిలిన్. రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 25కి పెంచారు. నోరెండిపోవడం, మలబద్ధకం, పొద్దున మత్తు ఉంటాయి. పడుకోబోయే ముందు కాక రెండు గంటలు ముందే వేసుకుంటే ఆ మత్తు కొంత తగ్గింది. ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, రెండు వారాలకే పని చేయలేదని ఆపేయకండి. అది కుంగుబాటు మందు కూడా కదా, రెండూ తగ్గుతాయని అనుకోవడం పొరపాటు. తలనొప్పికిచ్చే ఈ చిన్న మోతాదు కుంగుబాటుకు చాలదు. కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పరీక్షలో నాకు 27కి 14 వచ్చింది, అందుకే దానికి వేరే వైద్యం కావాల్సివచ్చింది. మనసు బాగా లేదని న్యూరాలజిస్ట్‌కు చెప్పకపోతే ఇంకో ముప్పుంది. మైగ్రేన్‌కు వాడే ఫ్లునారిజిన్ కుంగుబాటును పెంచగలదు, టోపిరమేట్ కూడా కొందరిలో మనసును కుంగదీస్తుంది. ఏ మందులు వాడుతున్నారో ఇద్దరు డాక్టర్లకూ తెలియాలి.

మాటలతో చేసే చికిత్సలో నాకు ఎక్కువ ఉపయోగపడింది కండరాల సడలింపు. భుజాలు చెవులదాకా బిగించి 5 సెకన్లు, వదిలి 20 సెకన్లు. తర్వాత దవడ, నుదురు, చేతులు. మొత్తం 15 నిమిషాలు. నొప్పి లేని రోజుల్లోనే నేర్చుకోవాలి. నొప్పి పీక్కుతినేటప్పుడు మొదలుపెడితే కుదరదు, పైగా పనికిరాదన్న నిరాశ మిగులుతుంది.

ఉన్నట్టుండి పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, చేయి కాలు చచ్చుబడటం, 50 దాటాక కొత్తగా మొదలైన నొప్పి అయితే డైరీ రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చనిపోవాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు.

నాలుగో నెల క్యాలెండర్లో నొప్పి 8 రోజులు, మాత్రలు 5 రోజులు. ‘భ’ ఒక్కటే, రైలు ప్రయాణం ముందు రోజు వేసుకున్నది. సైకాలజిస్ట్‌తో ఇప్పుడు దాని మీదే పని చేస్తున్నాం.