ముక్కు ఎక్కడికి పరిగెత్తుతుంది?

నిన్న రాత్రి మా అమ్మాయి ఇంగ్లీషు హోంవర్క్ చేస్తూ 'రన్' అంటే ఏంటి నాన్నా అంటే, పరిగెత్తడం అని ఠక్కున చెప్పేశా. తర్వాతి వాక్యంలో జలుబు చేసిన పిల్లాడి ముక్కు 'రన్' అవుతోంది! అది ఒకటే నవ్వు, ముక్కు ఎక్కడికి పరిగెత్తుతుంది నాన్నా అని.

ఇక అక్కడినుంచి నాకు టెన్షన్. కుళాయి రన్ అవుతుంది, ఉతికితే చీర రంగు రన్ అవుతుంది, ఇంట్లో పంచదార నిండుకున్నా, దారిలో పాత స్నేహితుడు ఎదురుపడినా అదే మాట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు లెక్క తేల్చారట, నాకు తెలిసినవి పది దాటవు.

అమెరికాలో ఎన్నికల్లో 'రన్' అవుతారు, బ్రిటన్‌లో మనలాగే 'నిలబడతారు'. వాళ్ల బస్సులు పరిగెత్తితే మనవి నడుస్తాయి (మా ఊరి బస్సుకైతే మన మాటే కరెక్ట్).

ఇంతలో వంటింట్లోంచి మా అమ్మ, "మరి మన 'పట్టు' సంగతేంట్రా? నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, చెమట పడుతుంది, బస్సు పట్టుకుంటాం..." అని మొదలెట్టింది. హోంవర్క్ మాత్రం ఇంకా మూడో ప్రశ్న దగ్గరే ఉంది.